పుస్తకం చదివి వీగన్‌గా తినాలనిపిస్తే: ఆరు వారాల సమగ్ర మార్గదర్శి

ఒక ఆహార పుస్తకం రాత్రి రెండింటిదాకా చదివి, ఇక వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చినదేదీ తినకుండా ఉండాలని, తెల్లారేసరికి ఫ్రిజ్‌లో ఉన్న పాలు, పెరుగు, వెన్న, గుడ్లు అన్నీ పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. ఆ పుస్తకం నన్ను అంత గట్టిగా పట్టుకుంది. పన్నెండో రోజు సాయంత్రం మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికాయి. ఆ రాత్రే నాలుగు చీజ్ ముక్కలు తిని, నాకు పట్టుదల లేదని నన్ను నేనే తిట్టుకున్నాను. చాలా నెలల తర్వాత ఆ పన్నెండు రోజుల తిండిని గుర్తుచేసుకుని కాగితం మీద పెడితే అసలు సంగతి తెలిసింది. పండ్లు, బ్రెడ్డు, సలాడ్. పప్పు వారానికి ఒక్కసారి. గింజలు అసలు లేవు. పన్నెండు రోజులూ కడుపు మాడ్చుకున్నానంతే. తీసెయ్యాల్సినవన్నీ ఒక్క పూటలో తీసేశాను, వాటి చోట ఏం పెట్టాలో ఒక్క పూటైనా ఆలోచించలేదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఒకే నియమం పెట్టుకున్నాను: చోటు నింపే వస్తువు ఇంట్లోకి వచ్చాకే పాతది బయటికి పోవాలి. కింద చెప్పబోయే ప్రతి అడుగూ ఆ నియమం నుంచి వచ్చిందే. మొదటి రెండు వారాలు సన్నాహానికి, తర్వాతి నాలుగు వారాలు మార్పుకు.

మొదటి అడుగు: పుస్తకాన్ని పెన్సిల్‌తో మళ్ళీ చదవండి

తొలిసారి చదివేటప్పుడు ఉద్వేగం ముందుంటుంది. రెండోసారికి పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి. జబ్బు తగ్గిందనో బరువు తగ్గిందనో రాసిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరిమీద చూశారు, ఎంతకాలం చూశారు, తిండితోపాటు ఇంకేం మార్చారు?

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఇలాంటి పుస్తకాల్లో తరచూ కనబడే పరిశోధన, అమెరికా డాక్టరు డీన్ ఆర్నిష్ బృందం 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించినది. గుండె రక్తనాళాల్లోని అడ్డంకులు కొంత వెనక్కి తగ్గాయని అది చూపించింది. కానీ ఆ రోగులు తిండి ఒక్కటే మార్చుకోలేదు. పొగ మానేశారు, వ్యాయామం చేశారు, ఒత్తిడి తగ్గించే సాధన చేశారు. పైగా వాళ్ళు తిన్నది కొవ్వు బాగా తగ్గించిన శాకాహారం. గుడ్డు తెల్లసొన, వెన్న తీసిన పాలు కొద్దిగా అందులో ఉండేవి. ఆ ఫలితం మొత్తాన్నీ వీగన్ తిండి ఖాతాలో వెయ్యడం సరికాదు.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన కవలల అధ్యయనం ఈ విషయంలో మరింత సూటిగా ఉంటుంది. ఒకే పోలికగల కవలలు 22 జతలు. ప్రతి జతలో ఒకరికి వీగన్ తిండి, మరొకరికి మాంసం కూడా ఉన్న మంచి తిండి. 8 వారాల్లో వీగన్ తిన్నవాళ్ళకే చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఎక్కువగా తగ్గింది. మంచి కబురే. అయితే ఎముకల సంగతి 8 వారాల్లో తేలదు. బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ళతరబడి గమనించిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2020లో వెలువరించిన ఫలితాల్లో, మాంసం తినేవాళ్ళకంటే వీగన్లలో ఎముకలు విరగడం ఎక్కువని తేలింది. శరీర బరువు, కాల్షియం, ప్రొటీన్ లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. మిమ్మల్ని వెనక్కి లాగడానికి ఇది చెప్పడం లేదు, నేను ఇప్పటికీ ఇలాగే తింటున్నాను. నేను చదివిన పుస్తకంలో ఎముకల గురించి ఒక్క పేరా కూడా లేదు, అందుకే చెబుతున్నాను.

పుస్తకం చివర పదసూచిక ఉంటే అందులో విటమిన్ బి12 కోసం చూడండి, ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను. అది కనబడకపోతే ఆ పుస్తకాన్ని నమ్ముకుని వంటింట్లో అడుగుపెట్టకండి.

చదవడం అయ్యాక, మీరు ఎందుకు మారాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. వీగన్ అన్న మాటను 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చారు. వాళ్ళను కదిలించింది జంతువుల బాధ. ఆహార పుస్తకాలు చదివి వచ్చేవాళ్ళను ఎక్కువగా ఆరోగ్యం కదిలిస్తుంది. ఈ తేడా రేపు షాపులో అక్కరకొస్తుంది. జంతువులే కారణమైతే తేనె కూడా వద్దంటారు. ఆరోగ్యమే కారణమైతే, బిస్కెట్లో చిటికెడు పాలపొడికన్నా ఆ బిస్కెట్లోని చక్కెరే పెద్ద సమస్య. వేయించిన చిప్స్, తియ్యటి కూల్‌డ్రింకు కూడా వీగనే మరి.

రెండో అడుగు: రక్తపరీక్ష

ఇప్పుడు మీరున్న చోటు తెలియకపోతే తర్వాత వచ్చిన మార్పు తిండివల్లో కాదో చెప్పలేరు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ చాలు.

కొందరు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను బలంగా దించే మాత్రలు గాని వాడేవాళ్ళకు తిండి మారగానే అదే మోతాదు ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచితే, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డొస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే పొటాషియం లెక్క చూసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచడం మంచిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలకు వండిపెట్టేవాళ్ళు పుస్తకాన్ని బట్టి కాకుండా డైటీషియన్ సలహాతో నడవాలి.

ఇంకొక మాట బరువుగా చెబుతున్నాను. తిండంటే భయపడి బాగా మానేసిన రోజులు మీ జీవితంలో ఎప్పుడైనా ఉండి ఉంటే, "ఇది తినకూడదు" అనే జాబితా ఆ పాత గాయాన్ని మళ్ళీ రేపవచ్చు. అలాంటప్పుడు ఈ ప్రయత్నాన్ని ఒంటరిగా చెయ్యకండి.

మూడో అడుగు: వారం రోజులు ఏమీ మార్చకండి, రాయండి

ఏడు రోజులు మామూలుగా తింటూ ప్రతిదీ రాసుకోండి. టీలో పోసుకున్న పాలు కూడా. వారం చివర జంతువుల నుంచి వచ్చిన ప్రతిదాని కింద గీత గీసి, అది ఆ పూట మీకు ఏం చేసిందో పక్కనే రాయండి: ఆకలి తీర్చిందా, రుచి ఇచ్చిందా, అలవాటుగా వచ్చిందా? నా కాగితంలో గీతలు ఇరవైకి పైగా తేలాయి. అందులో సగానికి పైగా టీలో పాలే. అంటే పాలకు ఒక్క మంచి ప్రత్యామ్నాయం దొరికితే సగం పని అయిపోయినట్టే. ఇది ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు, చెప్పడం సాధ్యమూ కాదు, ఎందుకంటే నా గీతలు వేరు, మీ గీతలు వేరు.

నాలుగో అడుగు: బి12 సీసా ముందు కొనండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

బి12ను మొక్కలు తయారుచెయ్యలేవు, జంతువులూ తయారుచెయ్యలేవు. ఆ పని సూక్ష్మజీవులది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేసిన బి12 పాలలోకీ మాంసంలోకీ చేరుతుంది. మన పెద్దపేగులోనూ అవి కొంత తయారుచేస్తాయి, కానీ మన శరీరం బి12ను పీల్చుకునేది చిన్నపేగు చివర. ఆ చోటు దాటాక తయారైనది మనకు దక్కదు.

పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు. అంత తక్కువ అవసరం కావడం, కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉండటం, ఈ రెండూ కలిసి మనిషిని మోసం చేస్తాయి. మాత్ర లేకుండా ఏడాది, రెండేళ్ళు హాయిగా గడుస్తాయి. "నాకేమీ కాలేదు, మాత్రలన్నీ వ్యాపారం" అని నలుగురికీ చెబుతారు. లోపల నిల్వ తరిగిపోతూనే ఉంటుంది. తర్వాత నీరసం, నాలుక మంట, అరికాళ్ళలో తిమ్మిరి, నడకలో తూలడం, మతిమరుపు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలేట్ అనే మరో బి విటమిన్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి రక్తహీనత బయటపడకపోవచ్చు, నరాలు మాత్రం దెబ్బతింటూ ఉండవచ్చు. ఆలస్యమైతే ఆ దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు.

శరీరం ఒక్కసారికి మైక్రోగ్రామో రెండో మాత్రమే బాగా పీల్చుకోగలదు. మిగిలినదాంట్లో నూటికి ఒక వంతు లోపలికి పోతుంది. అందుకే మాత్ర ఎంత అరుదుగా వేసుకుంటే మోతాదు అంత పెద్దగా ఉండాలి. బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ చెప్పే లెక్క ఇది: రోజూ అయితే 10 మైక్రోగ్రాములు, వారానికి ఒకసారి అయితే 2000 మైక్రోగ్రాములు. బి12 కలిపిన పాలు, సీరియల్స్ మీదే ఆధారపడేవాళ్ళు రోజుకు కనీసం రెండుమూడు సార్లు, మొత్తం 3 మైక్రోగ్రాములకు తగ్గకుండా తీసుకోవాలి. సయనోకోబాలమిన్ (బి12లో ఒక రకం) అని రాసి ఉన్న మాత్ర నిల్వకు గట్టిది, అది చాలు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉండేది ఎక్కువగా బి12ను పోలిన, శరీరానికి పనికిరాని పదార్థం. కడగని కూరగాయల మట్టిలో దొరుకుతుందన్న మాటను నమ్ముకోకండి.

మధుమేహానికి మెట్‌ఫార్మిన్ గాని, ఎసిడిటీకి మాత్రలు గాని ఏళ్ళుగా వాడుతుంటే మీ బి12 ఇప్పటికే తక్కువగా ఉండే అవకాశం ఉంది. రెండో అడుగులోని పరీక్ష వాయిదా వెయ్యకండి.

ఐదో అడుగు: పళ్ళెం నింపడం

"మరి ప్రొటీన్ ఎక్కడినుంచి?" అని అడగనివాళ్ళు ఉండరు. జవాబు కోపంతో కాకుండా లెక్కతో చెప్పండి. పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.8 గ్రాములు అని సాధారణ సిఫారసు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు, వాడుకలో 50 అనుకుందాం. ఉడికించిన పప్పు ఒక కప్పుకు 18 గ్రాములు. ఉడికించిన శనగలు కప్పుకు 14. సోయా పాలు కప్పుకు 7. గుప్పెడు వేరుశనగలు, అంటే 30 గ్రాములు, మరో 7. ఇక్కడికే 46 అయింది. రోజంతా తినే బియ్యం, గోధుమ, ఓట్స్ లాంటి ధాన్యం కలిస్తే 50 దాటుతుంది. అరవై దాటినవాళ్ళు, బరువులెత్తేవాళ్ళు ఇంతకన్నా పైకే ఉంచుకోవాలి. మీల్ మేకర్ ఎండుగా 100 గ్రాములకు 50 గ్రాముల దాకా ఇస్తుంది, సోయా పాలను గడ్డకట్టించి చేసే టోఫు కూడా బాగా ఆదుకుంటుంది.

ఈ లెక్కలో పప్పుదినుసులు తీసేసి చూడండి, మొత్తం కూలిపోతుంది. నా తొలి ప్రయత్నం అలాగే కూలింది. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది పప్పుల్లో దండిగా ఉంటుంది. కాబట్టి రోజూ పప్పో, శనగలో, సోయానో మూడు పూటల్లో కనీసం రెండు పూటలు ఉండాలి. ధాన్యం, పప్పు రెండూ ఒకే పూటలో కలిపి తినాలన్న పట్టింపు అక్కర్లేదు. ఆ పట్టింపును 1971లో తన "డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్" పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన ఫ్రాన్సెస్ మూర్ లాపే, పదేళ్ళ తర్వాతి ముద్రణలో తానే దాన్ని సవరించుకున్నారు. ఆహార పుస్తకం రాసినవాళ్ళు తమ మాటను బాహాటంగా దిద్దుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

ప్రొటీన్‌కన్నా ముందు తరిగేది కేలరీలు. కూరగాయల్లో నీరు, పీచు ఎక్కువ. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి బలం చేరదు. మొదటి పదిహేను రోజుల్లో వచ్చే నీరసానికి, చలికి, చిరాకుకి చాలాసార్లు తక్కువ తినడమే కారణం. బరువు తగ్గాలన్న కోరిక ఉన్నా సరే, ఈ ఆరు వారాలు దాన్ని పక్కన పెట్టండి. గింజలు, వేరుశనగ వెన్న, నూనె వెయ్యడానికి భయపడకండి.

ఆరో అడుగు: మిగిలిన చిన్న లెక్కలు

ఐరన్ మొక్కల్లో ఉంటుంది, అయితే శరీరానికి కష్టంగా అందుతుంది. అదే పూటలో నిమ్మరసమో, టమాటానో, జామకాయ ముక్కో ఉంటే మెరుగ్గా అందుతుంది. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా తాగండి. నానబెట్టడం, మొలకెత్తించడం కూడా సాయం చేస్తాయి. నెలసరి వచ్చే స్త్రీలు ఫెరిటిన్ మీద కన్ను వేసి ఉంచాలి.

కాల్షియం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు. పాలకూరలో కాల్షియం కనబడుతుంది గాని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి, దక్కేది నూటికి అయిదు పాళ్ళే. క్యాబేజీ జాతి ఆకులు, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు, కాల్షియం కలిపిన సోయా పాలు నమ్మదగినవి. డబ్బాను బాగా కుదిపి పొయ్యండి, కాల్షియం అడుగున పేరుకుంటుంది.

అయోడిన్‌కు అయోడైజ్డ్ ఉప్పు చాలు. ఆరోగ్యమని గులాబీరంగు ఉప్పుకు మారినవాళ్ళు, పాలు కూడా మానేస్తే, అయోడిన్‌కు ఉన్న ముఖ్యమైన రెండు దారులూ మూసుకున్నట్టే. అవిసె గింజల పొడి రోజుకు ఒక టేబుల్ స్పూన్ వేసుకుంటే ఒంటికి అవసరమైన ఒమేగా-3 కొవ్వు లెక్క తీరుతుంది. గింజలు పొడి చెయ్యాలి, లేకుంటే అరగకుండా పోతాయి. విటమిన్ డి రక్తపరీక్ష చెప్పినదాన్ని బట్టి.

ఏడో అడుగు: పూటకొక వారం

మూడో వారం ఉదయం పూట మార్చండి, నాలుగో వారం మధ్యాహ్నం, ఐదో వారం రాత్రి, ఆరో వారం చిరుతిళ్ళు, బయటి తిండి. ఉన్నపళంగా మారి నిలబడినవాళ్ళూ ఉన్నారు. అయినా నేను ఇలాగే చెబుతాను, ముఖ్యంగా కడుపుకోసం. పీచు ఒక్కసారిగా రెట్టింపైతే ఉబ్బరం, గ్యాస్ తప్పవు. పొట్టు తీసిన పెసరపప్పు, టోఫు లాంటి తేలిక వాటితో మొదలుపెట్టి, శనగలు, రాజ్మా తర్వాత తెచ్చుకోండి. నానబెట్టిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో వండండి. పీచు పెరిగినకొద్దీ మంచినీళ్ళు కూడా పెరగాలి.

రాజ్మా విషయంలో జాగ్రత్త. సరిగా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, తెర్లే నీళ్ళలో కనీసం పది నిమిషాలు మరిగించి, ఆ తర్వాతే మెత్తబడేదాకా వండాలి. సన్నని వేడిమీద నడిచే స్లో కుక్కర్లో పచ్చిగింజలు నేరుగా వెయ్యకూడదు.

ఎనిమిదో అడుగు: నోరు ఒప్పుకోవాలి

నోరు కట్టుకుని ఆరు వారాలు గడపవచ్చు, ఆరేళ్ళు గడపలేం. మాంసం, చీజ్ మానేశాక నోరు వెతికేది ఆ వస్తువును కాదు, వాటిలోని లోతైన రుచిని, కొవ్వును. ఆ రుచి ఇంకోచోట దొరుకుతుంది: నీరంతా ఇంకిపోయేదాకా వేయించిన పుట్టగొడుగులు, నూనెలో ఎర్రబడేదాకా మగ్గిన ఉల్లి, చిక్కగా దగ్గరపడిన టమాటా గుజ్జు, సోయా సాస్. టోఫు చప్పగా ఉందంటారు. దాన్ని గుడ్డలో చుట్టి బరువు పెట్టి అరగంట నీరు పిండండి, ఉప్పూ పులుపూ పట్టించండి, అంచులు కరకరలాడేదాకా కాల్చండి. అప్పుడు చెప్పండి.

టీకి సోయా పాలు, ఓట్స్ పాలు రెండూ నాకు కుదిరాయి. వేడి కాఫీలో చల్లని సోయా పాలు పోస్తే విరుగుతాయి. పాలు ముందు వేడిచేసి, వాటిమీద కాఫీని మెల్లగా పొయ్యండి. బాదం పాలలో ప్రొటీన్ కప్పుకు ఒక గ్రాము మాత్రమే, వాటిని సోయా పాలకు సమానంగా లెక్కవెయ్యకండి. కేకుల్లో ఒక గుడ్డు బదులు టేబుల్ స్పూన్ అవిసె పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నాననిస్తే జిగురు వస్తుంది. శనగలు ఉడికిన చిక్కటి నీళ్ళను గిలక్కొడితే తెల్లసొనలా నురగ లేస్తుంది.

వీగన్ చీజ్ మాత్రం మొదటి నెల కొనకండి. ఎక్కువ రకాలు కొబ్బరినూనె, పిండి పదార్థం కలిపి చేసినవే, ప్రొటీన్ దాదాపు ఉండదు. పైగా అసలు చీజ్ రుచి నాలుకమీద తాజాగా ఉన్నప్పుడు అవి నిరాశపరుస్తాయి. నెల గడిచాక తింటే వాటిని వాటిగా చూడగలుగుతారు.

తొమ్మిదో అడుగు: లేబుళ్ళు, మనుషులు

కేసిన్, కేసినేట్, వే, లాక్టోజ్ అంటే పాల నుంచి వచ్చినవి. జెలటిన్ ఎముకలు, చర్మం నుంచి. ఈ120 అనే ఎర్రరంగు పురుగుల నుంచి, ఈ904 పురుగులు స్రవించే లక్క నుంచి, ఈ901 తేనెమైనం. నాన్-డెయిరీ అని రాసిన క్రీమర్లో కూడా కేసినేట్ ఉండవచ్చు. విటమిన్ డి3 చాలావరకు గొర్రె ఉన్నిలోని మైనం నుంచి తీస్తారు. వీగన్ కావాలంటే రాళ్ళమీద, చెట్లమీద పెరిగే లైకెన్ నుంచి తీసినదని రాసి ఉండాలి. "పాల అవశేషాలు ఉండవచ్చు" అన్న హెచ్చరిక ఎలర్జీ ఉన్నవాళ్ళకోసం రాసింది. దానికోసం వస్తువును వదిలెయ్యనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంట్లోవాళ్ళకు పుస్తకం చదివి వినిపించకండి. నేను ఆ పని చేశాను. భోజనాల దగ్గర ఒక అధ్యాయం వినిపించాక అమ్మ మెల్లగా, "ఇన్నాళ్ళూ నేను పెట్టిందంతా విషమేనా?" అంది. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. రెండోసారి మొదలుపెట్టేముందు అమ్మ దగ్గరికి వెళ్ళి, "ఆరు వారాలు చూస్తానమ్మా. నా వంట నేనే చేసుకుంటాను, నువ్వూ రుచి చూడు" అన్నాను. ఇప్పుడు శనగలు నానబెట్టడం నేను మరిచిపోతే అమ్మే గుర్తుచేస్తుంది. ఎవరింటికైనా భోజనానికి వెళ్తుంటే రెండు రోజుల ముందే చెప్పండి, అందరికీ సరిపడా ఒక వంటకం పట్టుకెళ్ళండి.

మధ్యలో ఒకరోజు పాలో గుడ్డో తినేస్తే, ఆ పూట ఆకలి వల్లనా, మొహమాటం వల్లనా, దగ్గర ఇంకేమీ లేకనా అని రాసుకుని తర్వాతి పూట మామూలుగా కొనసాగించండి. వారాలను మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టకండి.

ఆరు వారాలు గడిచాక

కొలెస్ట్రాల్ పరీక్ష మళ్ళీ చేయించండి; ఇంకో రెండు వారాలు ఆగి చేయిస్తే చివరి వారం మార్పు కూడా లెక్కలోకి వస్తుంది. బి12, ఫెరిటిన్ ఇంత తొందరగా ఏమీ చెప్పవు, వాటిని ఏడాదికి చూడాలి. బి12 అంకె అంచుమీద ఉంటే మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష కూడా ఉందని డాక్టరును అడగండి, అసలు లోపాన్ని అది మెరుగ్గా పట్టిస్తుంది.

తర్వాత మొదటి వారం గీతలు గీసిన కాగితం తీసి, ఏ గీతలు సులువుగా పోయాయో, ఏవి ఇంకా లాగుతున్నాయో చూడండి. పూర్తిగా కొనసాగించవచ్చు. ఇంట్లో మాత్రమే ఇలా తినవచ్చు. రెండు పూటలు ఉంచుకుని ఒకటి వదలవచ్చు. ఏది ఎంచుకున్నా, పాలు, గుడ్లు, మాంసం చాలా అరుదుగా తినేవాళ్ళకు బి12 మాత్ర తప్పదు.

నా పుస్తకం చివర రెండు ఖాళీ పేజీలు ఉండేవి. ఒకదాంట్లో ఆదివారాల తేదీలు రాస్తాను, 2000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోగానే పక్కన టిక్కు పెడతాను. రెండోదాంట్లో ఏటా రక్తపరీక్ష తేదీ, దాని పక్కన బి12, ఫెరిటిన్, విటమిన్ డి అంకెలు. మొదటి పేజీ నిండిపోయి, ఇప్పుడు అట్ట లోపలివైపు రాస్తున్నాను.